గేటు దగ్గర లెక్క: ఉన్న నేల, ఉన్న రాయి, అక్కడి మొక్కలతో తోట

కొత్త తోట వేసే చోట మొదటి వారం ఏం జరుగుతుందో చూస్తే, పదేళ్ళ పాటు ఆ తోట ఎంత తాగుతుందో, ఎంత తింటుందో దాదాపు చెప్పేయొచ్చు. ముందు జేసీబీ వస్తుంది. పొదలు, రాళ్ళు, పైమట్టి అన్నీ ఊడ్చి లారీకెత్తుతుంది. ఆ లారీలు బయటికి వెళ్ళగానే ఇంకో వరస లారీలు లోపలికి వస్తాయి: ఎర్రమట్టి, ఎరువు, పచ్చిక చాపలు, ఆరడుగుల నర్సరీ మొక్కలు, కంకర, టైల్స్. అలా తెచ్చిపెట్టిన వాటిని బతికించడానికి నీళ్ళు, ఎరువులు, పురుగుమందులు ఏళ్ళ తరబడి వస్తూనే ఉండాలి.

పర్యావరణహితమైన తోట అంటే ఏమిటని అడిగితే పది మంది పది రకాలుగా చెబుతారు. పనిలో ఉపయోగపడే కొలత మాత్రం ఒకటే, గేటు దగ్గర లెక్క. లోపలికి ఏం వచ్చింది, బయటికి ఏం పోయింది? ఈ రెండూ తగ్గిన కొద్దీ తోట తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. స్థానిక మొక్కలు, స్థానిక రాయి, వాననీటి గుంతలు అన్నీ ఈ లెక్కలో భాగాలే. వీటిలో ఒకదాన్ని పట్టుకుని మిగతావి వదిలేసినప్పుడే చాలా తోటలు దెబ్బతింటాయి. తంగేడు మంచిదని ఎవరో చెప్పగా విని, దాన్ని ఎరువు నింపిన గుంతలో నాటి, రోజూ నీళ్ళు పోసి చంపుకున్నవాళ్ళకి కొదవ లేదు.

ఇక్కడ ఉదాహరణలుగా చెప్పే మొక్కలు ఎక్కువగా దక్కను మెట్టనేలలవి. నేల మారితే పేర్లు మారతాయి, పద్ధతి మారదు.

“స్థానికం” అంటే ఎంత దూరం?

చిక్కంతా ఈ మాటలోనే ఉంది. దేశం సరిహద్దులు మొక్కలకి తెలియవు. ఏటి ఒడ్డున పెరిగే తెల్లమద్దిని తెచ్చి రాతిగుట్ట మీద నాటితే, అది మన దేశపు చెట్టే అయినా ఆ గుట్టకి పరాయిదే. అలాగే గరప నేల మీద హాయిగా బతికే మొక్క పది కిలోమీటర్ల అవతల రేగడిలో వేరు కుళ్ళి పోవచ్చు. కాబట్టి ‘ఈ రాష్ట్రపు మొక్కేనా’ అని అడిగితే చాలదు. ఇలాంటి నేలలో, ఇంతే వానలో, ఇంతే ఎత్తులో, ఎవరూ నీళ్ళు పోయకుండా ఇది పెరుగుతోందా అని అడగాలి.

పేర్లు కొంత దారి చూపిస్తాయి. సీమచింత, సీమతుమ్మ లాంటి పేర్లలో ‘సీమ’ అంటే పరదేశమే. అవి బయటి నుంచి వచ్చినవని పేరులోనే రాసి ఉంది, వాటి పుట్టిల్లు అమెరికా ఖండాలు. కానీ పేరుని పూర్తిగా నమ్మడానికీ లేదు. మనం ఇంటి చెట్టు అనుకునే చింత పుట్టిల్లు ఆఫ్రికా. తురాయి మడగాస్కర్‌ది. బంతి మెక్సికో వైపు నుంచి వచ్చింది, కాగితం పూలు దక్షిణ అమెరికా నుంచి. వీటిలో చింత వేల ఏళ్ళుగా ఇక్కడ ఉండి ఒదిగిపోయింది, పక్క మొక్కల్ని తరమలేదు. సీమతుమ్మ, లాంటానా, వయ్యారిభామ అలా కాదు, వచ్చిన చోటల్లా మిగతా మొక్కల్ని తరిమేశాయి. పరాయి మొక్కలన్నింటినీ ఒకే గాటన కట్టడం తప్పు. తప్పించి తీరాల్సింది తనంతట తాను వ్యాపించి మిగతావాటిని చంపే రకాన్ని. ఉన్న చింతచెట్టుని ‘స్థానికం కాదు’ అని కొట్టేయడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు.

మరోవైపు, నీటి పొదుపు ఒక్కటే లక్ష్యమైతే స్థానిక మొక్కలే కావాలన్న నియమం కూడా లేదు. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో బెత్ చాటో అనే తోటల నిపుణురాలు 1990ల మొదట్లో పాత కార్ల పార్కింగ్ స్థలంలో వేసిన కంకర తోటకి నీళ్ళు పెట్టరు. అక్కడున్నవి చాలావరకు మధ్యధరా ప్రాంతపు మొక్కలు. ఆ గులకనేలకీ తక్కువ వానకీ సరిపోయేవి కాబట్టి బతికాయి. అయితే అక్కడి పురుగులకీ పిట్టలకీ అవి ఎంతవరకు ఆసరా అన్నది వేరే ప్రశ్న. ఆకు తినే పురుగుల్లో చాలా రకాలు ఒకే కుటుంబానికి చెందిన కొద్ది రకాల మొక్కల మీదే బతుకుతాయి. జిల్లేడు ఆకు తిని పెరిగే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గొంగళి గులాబీ ఆకు ముట్టదు. ఈశ్వరి తీగ లేని చోట క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకచిలుక గుడ్లు పెట్టదు. పువ్వులో తేనె ఎవరైనా తాగుతారు. ఆకు తినాలంటే మాత్రం తరతరాల పరిచయం ఉండాలి. స్థానిక మొక్కలకి అసలైన వాదన ఇదీ, నీళ్ళ ఆదా దాని తర్వాత వచ్చేది.

నమూనా స్థలం

కాగితం మీద గీత గీయకముందే సైటుకి దగ్గరలో, అదే రకం నేల, అదే రకం వాలు ఉండి ఎవరూ పెద్దగా కెలకని చోటు ఒకటి వెతకాలి. గుట్ట వాలు, చెరువు గట్టు, రైలు కట్ట పక్క భూమి, ఏదైనా సరే. అక్కడ చెట్లకి 10 మీటర్ల చదరం, పొదలకి 5 మీటర్ల చదరం, గడ్డీ గాదానికి 1 మీటరు చదరం తాడుతో కట్టి లోపలున్నవి లెక్కపెట్టాలి. మొక్క పేరు తెలియకపోయినా పరవాలేదు. ఆకు, కాయ ఫొటో తీసి, ఎన్ని ఉన్నాయో, ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో, నీడలో ఉన్నాయో ఎండలో ఉన్నాయో రాసుకుంటే చాలు. ఈ పని ఒక్కసారి చేస్తే సగం అబద్ధం వస్తుంది. వానాకాలంలో కనిపించే గడ్డి, తీగ ఎండాకాలంలో జాడ ఉండవు. వానాకాలం చివర, చలికాలం, నడి ఎండాకాలం, మూడు సార్లు చూడాలి.

ఈ లెక్క వల్ల వచ్చే పెద్ద లాభం ఏమిటంటే, చెట్లు ఎన్ని ఉండాలో నేలే చెప్పేస్తుంది. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకి పద్ధతి పేరుతో చదరపు మీటరుకి 3, 4 మొక్కల చొప్పున కిక్కిరిసేలా నాటడం ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తోంది. సహజంగా దట్టమైన అడవి నిలిచే వాన, నేల ఉన్న చోట దానికో అర్థం ఉంది. అసలు రూపమే పొదలూ గడ్డీ, అక్కడో చెట్టు ఇక్కడో చెట్టు అయిన మెట్టనేలలో అది అడవిని తిరిగి తేవడం కాదు, గడ్డిభూమిని పూడ్చేయడం. గడ్డిభూమి ఖాళీ జాగా కాదు, అదీ ఒక పూర్తి స్థాయి జీవావరణమే.

సీసాలో మట్టి, గుంతలో నీళ్ళు

మట్టి పరీక్షకి ప్రయోగశాల కంటే ముందు గాజు సీసా చాలు. నిటారు గోడలున్న సీసా తీసుకుని, 15 సెంటీమీటర్ల లోతు నుంచి తవ్విన మట్టిలో రాళ్ళు, వేర్లు ఏరేసి మూడో వంతు నింపాలి. నిండా నీళ్ళు పోసి, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి, మూత బిగించి ఐదు నిమిషాలు బాగా కుదపాలి. కింద పెట్టిన క్షణం నుంచి గడియారం చూడాలి. ఒక నిమిషంలో అడుగున పేరుకున్నది ఇసుక, అక్కడ సీసా మీద గీత గీయాలి. రెండు గంటలకి దాని మీద మెత్తటి బూడిదలా కూర్చున్నది ఒండ్రు, ఇంకో గీత. మర్నాటికో ఎల్లుండికో నీళ్ళు తేరుకున్నాక పైన పేరుకున్న జిగట పొర బంకమన్ను. మొత్తం 10 సెంటీమీటర్లలో 6 ఇసుక, 2.5 ఒండ్రు, 1.5 బంక వస్తే అది నీరు త్వరగా ఇంకే చెల్క లాంటి నేల. రెండు రోజులైనా నీళ్ళు మురికిగానే ఉంటే రేగడి తరహా. వానకి ఉబ్బి ఎండకి నెర్రెలిచ్చే ఆ నేల మీద గోడ కట్టే పద్ధతీ, మొక్క నాటే పద్ధతీ రెండూ మారిపోతాయి.

రెండోది ఇంకుడు పరీక్ష. 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతున్న గుంత తవ్వి, నీళ్ళు నింపి రాత్రంతా వదిలేయాలి. మర్నాడు మళ్ళీ నింపి గంటకి ఎన్ని సెంటీమీటర్లు దిగిందో కొలవాలి. మొదటిసారి నింపినప్పుడే కొలిస్తే పొడి మట్టి ఆత్రంగా తాగేస్తుంది, అంకె మోసం చేస్తుంది. గంటకి 1 సెంటీమీటరు లోపు దిగితే అక్కడ నీళ్ళు నిలుస్తాయని అర్థం. 2.5 నుంచి 7.5 మధ్య చాలా మొక్కలకి సరిపోతుంది. 10 దాటితే ఆ చోటు ఎండకి ఓర్చే మొక్కలకే. సైటంతా ఒకే అంకె రాదు. కనీసం నాలుగు చోట్ల తవ్వాలి, ముఖ్యంగా ఇల్లు కట్టేటప్పుడు లారీలు తిరిగిన వైపు.

ఆ వైపు నేలని మూడో పరీక్ష పట్టిస్తుంది. మట్టి తడిగా ఉన్నప్పుడు 8 మిల్లీమీటర్ల ఇనుప చువ్వని చేత్తో నొక్కితే 30 సెంటీమీటర్లు దిగాలి. 10 దగ్గరే ఆగిపోతే కింద నేల అణిగిపోయి ఉన్నట్టు. అక్కడ నాటిన మొక్క రెండేళ్ళు బాగానే ఉండి మూడో ఎండాకాలంలో ఎందుకు చచ్చిపోయిందో ఎవరికీ అర్థం కాదు. వేరు ఆ గట్టి పొర మీద పళ్ళెంలా పరుచుకుంది, లోతుకి పోలేదు. దీనికి విరుగుడు లారీడు మట్టి కాదు. గునపంతోనో బలమైన గార్డెన్ ఫోర్కుతోనో 30, 40 సెంటీమీటర్ల ఎడంలో గుచ్చి, పెకలించకుండా కొంచెం ఎత్తి పగుళ్ళు తెప్పించాలి. బంకమన్ను తడిగా ఉన్నప్పుడు మాత్రం ఈ పని చేయకూడదు, ఇంకా అణిగిపోతుంది.

నిర్మాణం మొదలు కాకముందే చేయగలిగితే, అన్నింటికంటే విలువైన పని పైమట్టిని దాచడం. పైనున్న 15, 20 సెంటీమీటర్లలోనే సేంద్రియ పదార్థం, శిలీంద్రాలు, స్థానిక గడ్డి గింజలు ఉంటాయి. దాన్ని విడిగా గీకి, 1.5 మీటర్లకి మించని ఎత్తు కుప్పలుగా పోసి, ఎండుగడ్డి కప్పాలి. అంతకంటే ఎత్తుగా పోస్తే అడుగుకి గాలి ఆడక అందులోని జీవం పోతుంది. సిమెంటు కలిపిన చోటు, కాంక్రీటు గిన్నెలు కడిగిన చోటు ముందే ఒక మూలకి పరిమితం చేయాలి. సిమెంటు నీళ్ళు ఇంకిన నేల క్షారంగా మారి, మొక్క ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరుగుతుంది. ఇనుము ఉన్నా వేరు తీసుకోలేని స్థితి అది. ఆ పెచ్చు పది సెంటీమీటర్లు తీసి నడకదారి కింద వేసుకోవచ్చు. అదీ బయటికి పోనక్కర్లేదు.

కప్పు మీది వాన

చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్ళు. ఈ ఒక్క లెక్కతో సగం రూపకల్పన అయిపోతుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే, ఇంకిపోయేదీ ఆవిరయ్యేదీ 15 శాతం తీసేసినా 2,125 లీటర్లు గొట్టంలోంచి వస్తాయి. 15 సెంటీమీటర్ల లోతున్న గుంత చదరపు మీటరుకి 150 లీటర్లు పట్టుకుంటుంది. అంటే 14 చదరపు మీటర్ల వానగుంత సరిపోతుంది.

ఈ గుంత ఇంటి పునాదికి కనీసం 3 మీటర్లు ఎడంగా ఉండాలి. అడుగు చదునుగా ఉండాలి. ఒక వైపు వాలితే నీళ్ళన్నీ ఆ మూలకే చేరి అక్కడే నిలుస్తాయి. మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టంతో మట్టం చూసుకుంటే చాలు, యంత్రాలు అక్కర్లేదు. ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోయే చోటే తవ్వాలి. దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది కాబట్టి 48 గంటల్లో ఎండిపోయే గుంతలో దోమలు పెరగవు. ఇంకుడు పరీక్షలో గంటకి 1 సెంటీమీటరు కూడా దిగని చోట గుంత తవ్వితే అది మడుగు అవుతుంది.

ఎక్కువ తోటల్లో మర్చిపోయేది పొర్లుదారి. లెక్క వేసుకున్న దానికంటే పెద్ద వాన ఏదో ఒక రోజు వస్తుంది. ఆ నీళ్ళు ఎటు పోవాలో మనం చెప్పకపోతే అవే దారి చూసుకుంటాయి, సాధారణంగా గట్టు తెంచుకుని. గట్టు పైభాగం కంటే 5 సెంటీమీటర్లు తక్కువ ఎత్తులో అర మీటరు వెడల్పు నోరు వదిలి, అక్కడ అరచేయంత రాళ్ళు పరచాలి. కప్పు గొట్టం నీళ్ళు పడే చోట కూడా అంతే, లేకపోతే మొదటి వానకే గొయ్యి పడుతుంది.

తవ్విన మట్టి దాదాపు 2 ఘనపు మీటర్లు. వదులయ్యాక ఇంకో పావు వంతు ఉబ్బుతుంది. దాన్ని లారీకెత్తకూడదు. వాలుకి కింది వైపు గట్టుగా వేస్తే ఒక్క దెబ్బకి రెండు రకాల నేల తయారవుతుంది, తడి గుంతా పొడి మిట్టా. గుంత అడుగున వట్టివేరు, గట్టు పక్కన వాగుల ఒడ్డున పెరిగే అలవాటున్న వావిలి, మిట్ట మీద తంగేడు. కొద్దిపాటి ఎత్తు తేడాలో మూడు వేర్వేరు బతుకులు.

మొక్క ఎక్కడ నుంచి, ఎంత పెద్దది

అడవిలోంచి మొక్క పెరికి తేవడం స్థానిక తోట పనే కాదు. గింజ తేవాలి. అదీ ఒక్క చెట్టు నుంచి కాకుండా, వీలైతే 20, 30 చెట్ల నుంచి తలా కొంచెం తీసుకోవాలి. ఒకే తల్లి పిల్లలతో నిండిన తోటకి ఏదైనా తెగులొస్తే అన్నీ ఒకేసారి లొంగిపోతాయి. ఒక చోట కాసిన దానిలో పదో వంతుకి మించి కోయకుండా ఉంటే అక్కడి పిట్టలకీ నేలకీ వాటా మిగులుతుంది.

గింజల తీరు తెలియక చాలా శ్రమ వృథా అవుతుంది. వేప గింజ రాలిన రెండు మూడు వారాల్లోనే మొలకశక్తి పోగొట్టుకుంటుంది. నేరేడు గింజ ఆరిందంటే అయిపోయినట్టే, పండు తిన్న వారంలోపు మట్టిలో పడాలి. రేల, తంగేడు ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంటాయి. వాటి గింజ తొక్క రాయిలా ఉంటుంది, నీళ్ళు లోపలికి పోవు. గరుకు కాగితం మీద ఒక వైపు రుద్దాలి, లేదా మరిగించి పొయ్యి మీంచి దించిన వేడినీళ్ళలో వేసి రాత్రంతా ఉంచాలి. ఉబ్బినవి మొలుస్తాయి, ఉబ్బనివి మళ్ళీ రుద్దాలి. మరుగుతున్న నీళ్ళలో ఉడకబెడితే మాత్రం గింజ చస్తుంది.

నర్సరీ మొక్క కొనాల్సి వస్తే పొడవు చూసి మోసపోవద్దు. పాలిథిన్ సంచిలో రెండేళ్ళున్న ఆరడుగుల మొక్క వేర్లు లోపల చుట్టలు చుట్టుకుని ఉంటాయి. నాటాక కూడా అలాగే తిరుగుతూ, ఐదారేళ్ళకి కాండాన్ని ఉరిబిగించినట్టు పట్టేస్తాయి. గాలివానకి వేళ్ళతో సహా పడిపోయే చెట్లలో చాలావాటి కథ ఇదే. 30 నుంచి 45 సెంటీమీటర్ల పిల్ల మొక్క, సంచి అడుగున వేరు అప్పుడే బయటికి తొంగిచూస్తున్నది, రెండు మూడేళ్ళలో ఆ ఆరడుగుల దాన్ని దాటిపోతుంది. చుట్టలున్న మొక్కే దొరికితే వేరు ముద్దకి నిలువుగా నాలుగు పక్కలా రెండేసి సెంటీమీటర్ల లోతు గాట్లు పెట్టి, అడుగున చుట్ట కత్తిరించి నాటాలి.

గుంత విషయంలో పాత అలవాటు ఒకటి మానుకోవాలి. లోతుగా తవ్వి, సగం ఎరువు, సగం తెచ్చిన ఎర్రమట్టి నింపడం వల్ల ఆ గుంత నేలలో పాతిపెట్టిన కుండీ అవుతుంది. వేరుకి లోపల సుఖంగా ఉంటుంది, చుట్టూ ఉన్న అసలు నేలలోకి వెళ్ళాల్సిన పని ఉండదు. బంకనేల అయితే ఇంకా ఘోరం, చుట్టుపక్కల నీళ్ళన్నీ ఆ వదులు మట్టిలోకి చేరి బావిలా నిలుస్తాయి. గుంత వేరు ముద్ద కంటే రెండు మూడు రెట్లు వెడల్పు ఉండాలి, లోతు మాత్రం వేరు ముద్ద ఎంతో అంతే. పార తగిలి నున్నగా మెరిసే గుంత గోడల్ని గునపంతో గీకి గరుకు చేయాలి. తీసిన మట్టే తిరిగి వేయాలి. కాండం వేరుగా విచ్చుకునే మెడ నేలమట్టానికి పైన కనిపించాలి. ఎరువు వేయాలనిపిస్తే పైన పలచగా చల్లి ఆకులు కప్పొచ్చు. బీదనేలకి అలవాటు పడిన పొదకి బలం ఎక్కువైతే పొడుగ్గా, పీచుగా సాగి వాలిపోతుంది, ఆ ఎరువుని తినేది కలుపే.

ఆకుల పరుపు 7, 8 సెంటీమీటర్ల మందం, కాండానికి చుట్టూ 10 సెంటీమీటర్లు ఖాళీ వదిలి. కాండానికి ఆనించి పోస్తే బెరడు కుళ్ళుతుంది. చెక్కపొట్టు నేల పైన ఉంటే మంచిదే. మట్టిలో కలిపితే అది కుళ్ళడానికి నత్రజనిని లాగేసుకుని మొక్కని పస్తు పెడుతుంది. చెదలు వచ్చి ఆ ఆకులు తింటున్నాయని మందు కొట్టేవాళ్ళున్నారు. మెట్టనేలల్లో ఎండుటాకుని మట్టి చేసేది చెదలే. నీళ్ళు లేక వాడిన పిల్ల మొక్కని పడతాయి గానీ, బలంగా ఉన్నదాని జోలికి సాధారణంగా రావు.

ఇంటి గోడకి 10 మీటర్ల లోపు మర్రి, రావి వద్దు. స్థానికమైనవే, కానీ గోడ వాటికి అడ్డు కాదు. పొదలు 1 నుంచి 1.5 మీటర్లకొకటి, దుబ్బుగడ్డి చదరపు మీటరుకి ఆరు చొప్పున వేస్తే రెండో వానాకాలానికి నేల కనబడదు. నేల కనబడినంత కాలం కలుపు తీస్తూనే ఉండాలి.

సిమెంటు లేని గోడ

సైటులో దొరికే రాయితో చేయగలిగినవాటిలో అన్నింటికంటే ఉపయోగం రాతికట్టు, అంటే సిమెంటు లేకుండా పేర్చిన గోడ. వాలు నేలని మెట్లుగా ఆపుతుంది. నీళ్ళు దాని సందుల్లోంచి జారిపోతాయి కాబట్టి వెనక ఒత్తిడి పెరగదు. సిమెంటు గోడలు పగిలేది మట్టి బరువుకంటే దాని వెనక నిలిచిపోయిన నీటి ఒత్తిడికే ఎక్కువ. సందుల్లో బల్లులు, తొండలు, ఒంటరి తేనెటీగలు కాపురం పెడతాయి.

90 సెంటీమీటర్ల ఎత్తు వరకు ఇంజనీరు లేకుండా కట్టుకోవచ్చు, ఆపైన వద్దు. 20, 30 సెంటీమీటర్లు గట్టినేల తగిలేదాకా కాలవ తీసి, దాని అడుగుని వెనక్కి, అంటే వాలు లోపలికి, కొంచెం వంచాలి. అడుగు వెడల్పు ఎత్తులో సగం, 45 నుంచి 50 సెంటీమీటర్లు. అన్నింటికంటే పెద్ద రాళ్ళు అడుగున. ప్రతి రాయినీ పొడుగు గోడ లోపలికి పోయేలా, చిన్న ముఖం బయటికి కనిపించేలా పెట్టాలి. కొత్తగా కట్టేవాళ్ళు అందం కోసం పొడుగు ముఖాన్ని బయటికి తిప్పుతారు. ఆ గోడ బిళ్ళలు నిలబెట్టినట్టు ఉండి మొదటి పెద్ద వానకే పొట్ట వేస్తుంది. రాయి పెట్టాక దాని మీద నిలబడి చూడాలి. ఊగితే ముందు నుంచి చిన్న చిప్ప దూర్చకూడదు, అది కొన్నాళ్ళకి జారిపోతుంది. రాయి తిప్పి పెట్టాలి, లేదా వెనక నుంచి బిగించాలి. రెండు రాళ్ళ సందు మీద మూడో రాయి రావాలి, సందు మీద సందు పడితే అక్కడే చీలుతుంది. మీటరుకొకటి చొప్పున గోడ మందమంతా పట్టే పొడవాటి రాయి అడ్డంగా వేయాలి. ఎత్తు 90 సెంటీమీటర్లయ్యేసరికి ముఖం 15 సెంటీమీటర్లు వెనక్కి వాలి ఉండాలి. వెనక 20 సెంటీమీటర్లు మట్టి బదులు చిన్నరాయి, పగిలిన ఇటుక నింపుకుంటూ రావాలి. మీటరు పొడవు గోడకి దాదాపు ఒక టన్ను రాయి పడుతుంది. గుంతలు తీసేటప్పుడు వచ్చే రాయి ఎంతుందో చూసుకుని గోడ పొడవు నిర్ణయించుకోవాలి. గోడ పొడవు ముందే గీసి, రాయి చాలక పక్క గుట్ట పగలగొట్టి తెస్తే స్థానికం అన్న మాట వట్టి పేరైపోతుంది.

పగలగొట్టిన పాత కాంక్రీటు పలకలు కూడా ఇదే పద్ధతిలో పేర్చొచ్చు, మందం సమానంగా ఉంటుంది కాబట్టి ఇంకా సులువు. వాటి నుంచి సున్నం కొంతకాలం ఊరుతుంది, ఆమ్లనేల కోరే మొక్కల్ని దగ్గర పెట్టకూడదు. పాత చెక్క వాడితే రంగు వేసినదీ, మందు ఎక్కించినదీ వద్దు. పాత తరహా మందుల్లో ఆర్సెనిక్ ఉంటుంది, అది మట్టిలోకి దిగుతుంది. కొట్టిన కొమ్మల్ని కాల్చకుండా, రెండు వరసల గుంజలు 60 సెంటీమీటర్ల ఎడంలో పాతి మధ్యలో అడ్డంగా కుక్కితే కంచె అవుతుంది. ఏటా కిందకి దిగుతుంది, ఏటా కొత్త కొమ్మలు పైన పడతాయి.

నడకదారికి కంకర కింద ప్లాస్టిక్ గుడ్డ పరచమని చాలామంది చెబుతారు. రెండు మూడేళ్ళలో దాని పైన దుమ్ము, ఆకుమన్ను పేరుకుని కలుపు అక్కడే మొలుస్తుంది, వేర్లు గుడ్డలో అల్లుకుని పీకడానికి కూడా రాదు. 10 సెంటీమీటర్ల మొరం బాగా దిమ్మిస చేసి, పైన 5 సెంటీమీటర్ల కంకర వేసి, మీటరుకి 2 సెంటీమీటర్ల అడ్డవాలు ఇస్తే చాలు.

పోనివాటిని పంపడం

దురాక్రమణ మొక్కల్ని, అంటే తమంతట తాము వ్యాపించి మిగతావాటిని తరిమేసే వాటిని, నేల మట్టానికి నరికితే పనైపోదు. సీమతుమ్మ మోడు నుంచి నాలుగింతల పిలకలు వస్తాయి. రాజస్థాన్‌లోని జోధ్‌పూర్‌లో మెహ్రాన్‌గఢ్ కోట పక్కన రావ్ జోధా ఎడారి రాతి పార్కులో 2006లో ఎదురైన సమస్య ఇదే. అగ్నిపర్వత శిల మధ్య పాతుకున్న సీమతుమ్మని వేరుతో తీయాలి. పర్యావరణవేత్త ప్రదీప్ కృషెన్ బృందం ఆ పనికి ఖండ్‌వాలియాలనే రాతిగని కార్మికుల్ని పిలిచింది. సుత్తితో తట్టి, శబ్దాన్ని బట్టి రాయి ఎక్కడ పగిలి ఉందో చెప్పగల నైపుణ్యం వాళ్ళది. వేరు తీసిన గుంతల్లో ఆ రాతి ఎడారికి చెందిన మొక్కలు నాటారు. 2011లో పార్కు జనానికి తెరిచారు. స్థానిక వనరుల్లో చేతిపని కూడా ఒకటి. దాన్ని లెక్కలో వేయని ప్రణాళికలే ఎక్కువ.

వయ్యారిభామని పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో పీకాలి. చేతికి తొడుగు తప్పనిసరి, చర్మం దురదలు పుడుతుంది. పూత వచ్చాక పీకితే దాని గింజల్ని మనమే తోటంతా చల్లినట్టు. తుంగ గడ్డలు, వయ్యారిభామ గింజలు కొత్త తోటల్లోకి ఎక్కువగా వచ్చేది కొన్న ఎర్రమట్టిలో, సరిగ్గా మాగని పశువుల ఎరువులో. గేటు దగ్గర ఒక్క లారీ ఆపితే మూడేళ్ళ కలుపు తప్పుతుంది.

మూడేళ్ళ తర్వాత

మెట్టనేల తోట ఎండాకాలంలో ఎండినట్టే కనిపిస్తుంది. ఆకు రాల్చడం ఆ మొక్కల బతుకుతెరువు. చచ్చిపోతున్నాయని కంగారుపడి నీళ్ళు పోస్తే అప్పుడు నిజంగానే వేరు కుళ్ళి పోతాయి. చూసేవాళ్ళకి మాత్రం ఇది పట్టించుకోని బీడులా కనబడకూడదు. అందుకు ఎక్కువ ఖర్చు లేని ఉపాయం, దారి అంచుల్ని ఎప్పుడూ పదునుగా కత్తిరించి ఉంచడం, ఏడాదంతా పచ్చగా ఉండే పొగడ లాంటి చెట్టు ఒకటి గుమ్మం నుంచి కనిపించే చోట పెట్టడం. అంచు శుభ్రంగా ఉంటే లోపలి ఎండుగడ్డి కావాలని వదిలినదని ఎవరికైనా తెలుస్తుంది. ఆ గడ్డిని వానలకి ముందు 10, 15 సెంటీమీటర్ల ఎత్తుకి కోయాలి, అదీ ఏటా మూడో వంతు మాత్రమే. మిగతా రెండు వంతుల్లో పురుగుల గుడ్లు, గూళ్ళు ఉంటాయి. ఆకుల మీద చిల్లులు కనబడితే పిచికారీ డబ్బా వెతకొద్దు. రేల ఆకుల్ని గొంగళ్ళు తినేశాయంటే కొద్ది రోజుల్లో పసుపుపచ్చ సీతాకోకచిలుకలు గుంపులుగా తిరుగుతాయి, చెట్టు మళ్ళీ చిగురిస్తుంది.

నీళ్ళు మొదటి ఏడాది వానలేని వారానికి ఒకసారి, మొక్కకి 10 నుంచి 15 లీటర్లు, ఒకేసారి, లోతుకి దిగేలా పెట్టాలి. రోజూ లీటరు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది. రెండో ఏడాది పదిహేను రోజులకి, ఆ తర్వాత నెలకి. మూడో ఎండాకాలంలో ఆపేయాలి. ఆపాక మొక్కల్ని సాయంత్రం కాదు, తెల్లవారుజామున చూడాలి. మధ్యాహ్నం వాడి రాత్రికి తేరుకునేది బాగానే ఉన్నట్టు. తెల్లారేసరికి కూడా వాడి ఉన్నదానికి ఇంకో ఏడాది నెలకోసారి నీళ్ళివ్వాలి, లేదా అది తప్పు చోట ఉందని ఒప్పుకోవాలి. కొన్ని చస్తాయి. ఆ ఖాళీల్లోకి కొత్తవి కొనేముందు ఒక వానాకాలం ఆగితే, ఎవరూ నాటకుండా మొలిచిన తంగేడో వావిలో అక్కడ తల ఎత్తుతుంది. అప్పుడు డ్రిప్ పైపులు చుట్ట చుట్టి, అవసరమున్న ఇంకో కొత్త తోటకి ఇచ్చేయొచ్చు.